యంత్రముల దుబాసి

కంప్యూటరులో నడచు ప్రోగ్రాము డిస్కును గాని, తెరను గాని తనంతట తాను ముట్టజాలదు. ప్రతి పనికిని అది ఆపరేటింగ్ సిస్టమును అర్థింపవలెను. అట్టి సిస్టములు విండోస్, లైనక్స్, మాక్ మొదలగునవి పలు కలవు. ఒకదానికి తగిన అర్జీ మరియొకదానికి బోధపడదు.

ఈ భేదములలో కొన్ని పైకి మిక్కిలి స్వల్పములు. ఫైలు చిరునామాలోని పేర్ల నడుమ లైనక్స్ ముందునకు వాలిన గీతను వాడును. 1983లో వెలువడిన ఎంఎస్ డాస్ రెండవ కూర్పు వెనుకకు వాలిన గీతను గ్రహించెను. ముందునకు వాలినది అప్పటికే వేరొక పనిలో నియుక్తమై యుండెను. ఆ అలవాటే విండోస్‌కు వారసత్వముగా వచ్చినది. కాలగణనము మరింత వింతయైనది. లైనక్స్ 1970 జనవరి 1వ తేదీ మొదలుకొని లెక్కించును. విండోస్ తన ఫైళ్ల కాలమును 1601 జనవరి 1వ తేదీ నుండి గణించును. నడుమ నున్నవి 1164 కోట్ల 44 లక్షల 73 వేల 600 సెకనులు! ఈ సంగతి మరచిన ప్రోగ్రాము నిన్నటి ఫైలును 369 ఏండ్లు ముందునకో వెనుకకో నెట్టివేయును.

"విండోస్ అయినచో ఇట్లు, లైనక్స్ అయినచో అట్లు" అని అడుగడుగునను వ్రాయవచ్చును. కాని అట్టి ప్రోగ్రాము కొలదికాలమునకే తుమ్మపొదవలె అల్లుకొనిపోవును. కావున నిపుణులు ఆ భేదములన్నింటిని ఒక్కచోట చేర్చి లైబ్రరీగా వ్రాయుదురు. ఇచ్చట లైబ్రరీ యనగా పుస్తకముల యిల్లు కాదు. పలువురు వాడుకొనుటకై సిద్ధపరచిన ప్రోగ్రాము భాగముల సముదాయము. రెండు భాషలెరిగి ఇరువురి నడుమ మాట కలుపు దుబాసివంటిది.

2009లో ర్యాన్ డాల్ అను నతడు నోడ్ అను సాధనమును నిర్మించెను. ఒకే సమయమున వేలకొలది మందికి బదులు చెప్పగల సర్వర్లను వ్రాయుటకు అది అనువైనది. అయితే మొదట అది లైనక్స్, మాక్ మున్నగు యూనిక్స్ జాతి సిస్టములకే తగియుండి, విండోస్ వాడువారికి అందని మ్రానిపండయ్యెను. ఆ కొరత తీర్చుటకే లిబ్‌యూవీ అను దుబాసి పుట్టినది. 2011 నవంబరులో వచ్చిన నోడ్ 0.6 కూర్పు దాని సాయమున విండోస్‌పై నేరుగా నడచెను.

ఇచ్చటి చిక్కు మాటలలో లేదు, నడవడిలో నున్నది. నెట్‌వర్కునుండి సమాచారము వచ్చినపుడు లైనక్స్, "బావిలో నీరూరినది, వచ్చి తోడుకొనుము" అనును. విండోస్ అట్లుగాక, "ముందుగా బిందె నిచ్చి పొమ్ము, నింపి కబురు పెట్టెదను" అనును. లిబ్‌యూవీ కర్తలు ఈ రెండవ తీరునే ఆదరించిరి. ప్రోగ్రామునకు ఎల్లప్పుడును నిండిన బిందెయే అందును. లైనక్స్‌పై తోడుపని దుబాసియే చేసికొనును. ఆ లైబ్రరీలో మిన్నయగు యోచన యిదియే యని తోచును. తరువాత జూలియా అను ప్రోగ్రామింగ్ భాషయు దీనినే ఆశ్రయించినది.

దుబాసికి తర్జుమా సాధ్యపడని పలుకులును కలవు. యూనిక్స్ జాతి సిస్టములలో ఒక ఫైలును చదువుటకు, వ్రాయుటకు, నడుపుటకు యజమానికి, అతని జట్టునకు, ఇతరులకు వేర్వేరుగా అనుమతులీయవచ్చును. విండోస్‌లో ఆ యేర్పాటు వేరు. అందుచే అచ్చట నోడ్ ద్వారా అనుమతులు మార్పబోయినచో వ్రాయు అనుమతి యొక్కటియే మారును; తక్కిన కోరికలను దుబాసి మౌనముగా విడిచివేయును.