మెరుపు కన్నా ముందు మెత్తదనం

తెలుగువాళ్ల ఇళ్లలో చెప్పుల స్టాండు గుమ్మం బయటే ఉంటుంది. అపార్టుమెంటయితే మెట్ల పక్కన, సొంత ఇల్లయితే వరండాలో. పడమటి ఎండ పొద్దుగూకే దాకా దాని మీదే పడుతుంది. వానాకాలంలో జల్లు కొడుతుంది, మిగతా ఏడాదంతా వీధి దుమ్ము పేరుకుంటుంది. పెళ్లికో ఇంటర్వ్యూకో వెళ్లాల్సి వచ్చినప్పుడు అందులోంచి బూట్లు తీసి, డబ్బీ మూత తిప్పి, నల్ల పాలిష్ నాలుగుసార్లు రుద్ది బ్రష్ ఆడిస్తే అవి తళతళలాడతాయి. అంతటితో వాటి బాగోగులు చూసినట్టేనని అనుకుంటాం. అదే బూటును వెలుతురులోకి తెచ్చి, నడిచేటప్పుడు కాలివేళ్ల దగ్గర వంగే చోట ఒకసారి పరీక్షగా చూడండి. అడ్డంగా సన్నటి గీతలు ఉంటాయి. గీతల్లో పాత పాలిష్ గడ్డకట్టి ఉంటుంది. గడ్డ పక్కన తోలు బూడిదరంగుకు తిరిగి, ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చి ఉంటుంది. ముక్కు దగ్గర అద్దంలా మెరిసే బూటే రెండంగుళాల వెనక విరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. తోలు బూటుకు మెరుపు కన్నా ముందు మెత్తదనం కావాలి. ఆ మెత్తదనాన్ని కాపాడటంలో డబ్బీలోని మైనం పాలిష్ కన్నా సీసాలో దొరికే క్రీము పాలిష్‌దే పైచేయి. మన ఇళ్లలో ఈ వరస తలకిందులైంది.

ఎందుకో తెలియాలంటే తోలు అంటే ఏమిటో కొంచెం తెలియాలి. పశువు చర్మంలో కొలాజెన్ అనే మాంసకృత్తు పోగులు దారాల కట్టల్లా ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. పచ్చిచర్మాన్ని అలాగే వదిలేస్తే కుళ్లుతుంది, ఎండబెడితే చెక్కలా బిగుస్తుంది. కుళ్లకుండా ఆ పోగుల్ని స్థిరపరచడమే పదును చేయడం. మన పల్లెల్లో ఈ పనికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా మనం గౌరవించే తంగేడు, అంతకు ఎంతో ముందునుంచే తోలు పనివారి చెట్టు. మద్రాసు నుంచి ఒకప్పుడు ఓడలకెక్కి ఐరోపాకు వెళ్లిన ఈస్టిండియా తోలు పేరు తెచ్చుకున్నది ఈ చెక్కతోనే. అయితే చెక్కరసంలో నానినంత మాత్రాన తోలు చెప్పుకు పనికిరాదు. ఆ తర్వాత నూనె పట్టించాలి. కానుగ నూనెను తోలు పనిలో వాడింది ఇందుకే. ఇప్పుడు చాలా కర్మాగారాల్లో చెక్కకు బదులు క్రోమియం లవణాలు వచ్చాయి, పని వారాల నుంచి రోజుల్లోకి దిగింది. నూనె పట్టించే మెట్టు మాత్రం అలాగే ఉంది. నూనెను నీళ్లలో చిలికి, ఆ పాలలాంటి ద్రవంలో తోళ్లను తిప్పుతారు. ఫ్యాట్ లిక్కరింగ్ అంటారు దీన్ని. నూనె పోగుకూ పోగుకూ మధ్య చేరి, అవి ఒకదానికొకటి అతుక్కోకుండా జారేలా చేస్తుంది. మనం మెత్తన అనేది ఆ జారుడునే. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టి, 1958 నుంచి 1971 దాకా చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థను నడిపిన యలవర్తి నాయుడమ్మ ఈ పనినంతా ఒక విజ్ఞానశాస్త్రంగా చూడమని దేశానికి నేర్పారు. ఆయన పుట్టిన నేలమీద తోలు బూటును రంగు వేసే వస్తువుగా మాత్రమే చూడటం బాధ కలిగిస్తుంది.

కర్మాగారంలో పట్టించిన ఆ నూనె కలకాలం నిలవదు. ఎండ దాన్ని కొంత లాగేస్తుంది. చెమట, వాననీరు తోలులోకి ఇంకి, ఆరేటప్పుడు లోపలి లవణాలను పైకి తెచ్చి తెల్లటి చారలుగా వదిలిపోతాయి. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ వంగే చోట తగులుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ అక్కడి పోగులు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. ముడతల్లో చేరిన సన్నటి ఇసుక ఆకురాయిలా వాటిని కోస్తుంది. నూనె ఉన్నన్నాళ్లూ పోగులు జారి తప్పుకుంటాయి. ఎండిపోయాక తప్పుకోలేక తెగుతాయి. తెగిన పోగుల వరసే మనకు పగులుగా కనిపిస్తుంది.

ఇక డబ్బీలో ఏముందో చూద్దాం. అందులో ప్రధానంగా ఉండేవి మైనాలు, వాటిని కరిగించే టర్పెంటైన్ లాంటి ద్రావకాలు, రంగు. ఈ మైనాల్లో గట్టిది కార్నాబా. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. తేనెమైనం 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతే, కార్నాబా 82 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ద్రావకం ఆవిరయ్యాక మిగిలే ఆ గట్టి పొరే మెరుపు ఇస్తుంది, నీటిబొట్టును కిందికి జార్చేస్తుంది. ఆ మేరకు దానికి విలువ ఉంది, కాదనను. కానీ గట్టి పొర వంగదు. వంగే చోట మందంగా పూస్తే అదే ముందు పగిలి పెళ్లలు కడుతుంది. దీనికి సాక్ష్యం సైనికుల బూట్లలోనే దొరుకుతుంది. పరేడ్ కోసం బూటును అద్దంలా చేసేవాళ్లు ఆ మెరుపును ముక్కు మీద, మడమ మీద మాత్రమే తెప్పిస్తారు. ఆ రెండు చోట్లా తోలు కింద గట్టి అట్ట ఉంటుంది కాబట్టి అక్కడ బూటు వంగదు. మధ్యభాగం జోలికి వెళ్లరు. మనకు డబ్బీ పాలిష్ అలవాటు కూడా చాలావరకు ఆ దారినే వచ్చింది. 1906లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టిన కివీ పాలిష్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యాల వెంట దేశాలు తిరిగింది. బారకాసుల నుంచి పోలీసు లైన్లకు, అక్కడి నుంచి బడి ప్రార్థన వరసకు చేరిన ఆచారం అది. తనిఖీ చేసేవాడికి మెరుపు కనిపిస్తుంది, పోగుల మధ్య నూనె కనిపించదు. కనిపించేదానికే మార్కులు పడ్డాయి.

క్రీము పాలిష్ కూర్పు వేరు. ఇందులోనూ మైనం ఉంటుంది గానీ తక్కువ. నూనె, మైనం, నీళ్లు కలిపి చిలికిన మిశ్రమం ఇది. కర్మాగారంలో నూనె పట్టించిన పద్ధతికి ఇంటి రూపం అనుకోవచ్చు. రంగు డబ్బీలో కన్నా ఎక్కువగా ఉంటుంది కాబట్టి గీసుకుపోయిన చోట్లను కప్పుతుంది. పొర పలచగా, మెత్తగా ఉంటుంది కాబట్టి తోలుతోపాటే వంగుతుంది.

ఇక్కడ తోలు సంగతి తెలిసినవారు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. ఈ రోజుల్లో బూట్ల తోలు మీద కర్మాగారంలోనే యాక్రిలిక్, పాలీయురెథేన్ లాంటి రసాయనాల పూత వేస్తారు, ఆ పూత దాటి క్రీము లోపలికి దిగేది ఎంత అని. సరైన ప్రశ్నే. కొత్త బూటుకు ఎంత క్రీము పూసినా చాలావరకు పైనే నిలుస్తుంది. తోలుకు తిండి పెట్టినట్టని అమ్మకందారులు చెప్పే మాటలో అతిశయం ఉంది. కానీ పూత ఎక్కడ ముందు అరిగిపోతుంది? ముడతల్లో, అంచుల్లో, ముక్కు గీసుకున్న చోట, కుట్టు వెంబడి. తోలు ఎండిపోయేదీ సరిగ్గా అక్కడే. అంటే అవసరం ఉన్న చోటే క్రీముకు దారి దొరుకుతుంది, మిగతా చోట పలచటి కాపుగా ఉండిపోతుంది. అందుకే కొంచెం క్రీము సరిపోతుంది. ఎక్కువ పూస్తే జిడ్డు మిగిలి దుమ్మును పిలుస్తుంది, తోలు మరీ వదులై ఆకారం పోతుంది. ఈ అభ్యంతరంతో క్రీము వాదన పడిపోదు, ఎంత పూయాలో ఎక్కడ పూయాలో తేలుతుంది.

చేసే పద్ధతిలో తొందర పనికిరాదు. ముందు లేసులు తీసేయాలి. తీయకపోతే నాలుక మీద, లేసు రంధ్రాల మధ్య దుమ్ము అలాగే ఉండిపోతుంది. బూటుకూ అడుగుకూ మధ్య కుట్టు వెంబడి ఉండే సందులో పొడి బ్రష్ గట్టిగా ఆడిస్తే అక్కడి నుంచి రాలే ఇసుకను చూసి ఆశ్చర్యపోతారు. తర్వాత నీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి నీడన ఆరనివ్వాలి. పాత మైనం గడ్డలు కట్టి ఉంటే బూట్ల క్లీనరుతో కొంచెం కొంచెంగా తీయాలి, గీకకూడదు. చెమట ఉప్పు చారలుంటే నీళ్లలో కొద్దిగా వెనిగర్ కలిపి గుడ్డతో అద్దితే పోతాయి. ఏళ్ల తరబడి అటక మీద ఉండి గరుకెక్కిన బూటుకు క్రీము కన్నా ముందు లెదర్ కండిషనర్ పలచగా రాసి ఒక రాత్రి వదిలేయడం మంచిది. ఇప్పుడు క్రీము. పాత బనియన్ గుడ్డను వేలికి చుట్టి పెసరగింజంత తీసుకోవాలి, అంతే. మొదట నాలుక లోపలి వైపు రాసి రంగు సరిపోయిందో లేదో చూసుకోవాలి. అనుమానంగా ఉంటే బూటు కన్నా ఒక ఛాయ లేత రంగు నయం, ముదురు రంగు అంటుకుంటే వెనక్కి తీయడం కష్టం. చిన్న సున్నాలు చుడుతూ రుద్దుతుంటే మొదట తడిగా జారిన గుడ్డ కాసేపటికి తోలును పట్టి ఆగినట్టవుతుంది. ముడతల దగ్గర బూటును కొంచెం వంచి, గీత నోరు తెరుచుకున్నప్పుడు క్రీము లోపలికి వెళ్లేలా రుద్దాలి. ఈ ఒక్క పని కోసమే మిగతాదంతా చేస్తున్నామనుకోండి. పది పదిహేను నిమిషాలు ఆగి, గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో తేలికగా, వేగంగా ఆడిస్తే మసకగా ఉన్న రంగు మెల్లగా తేరుకుని, పట్టుబట్ట మీద వెలుతురు పడ్డట్టు మెత్తటి నిగారింపు వస్తుంది. డబ్బీ మైనం మీద ఇష్టముంటే ఆ తర్వాత ముక్కుకూ మడమకూ పలచగా పూసుకోవచ్చు. వానాకాలంలో పూయడం మంచిది కూడా.

ఇంత ఖర్చు, ఇంత సమయం మామూలు ఉద్యోగికి ఎక్కడివని అడగవచ్చు. క్రీము సీసా డబ్బీ కన్నా ఖరీదే. కానీ పెసరగింజ చొప్పున వాడితే చాలా నెలలు వస్తుంది, రోజూ తొడిగే బూటుకైనా రెండు మూడు వారాలకొకసారి రాస్తే చాలు. మధ్యలో రోజూ కావలసింది అర నిమిషం పొడి బ్రష్, అంతే. సమయం లేదని చాలామంది వాడేది స్పాంజి ఉన్న తక్షణ మెరుపు పాలిష్. అందులో సాధారణంగా ఉండేది సిలికోన్ నూనె. అది పైన నిగనిగలాడే పొర కడుతుంది, దుమ్మునూ ఆ పొర కిందే దాస్తుంది. అత్యవసరానికి ఒకరోజు వాడితే బూటు పాడైపోదు. రోజూ వాడితే దానికి కావలసినది ఎప్పుడూ అందదు. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె రాస్తే సరిపోదా అంటే, అది తోలును నల్లబరుస్తుంది, మైనం లేదు కాబట్టి తడి ఆపదు, జిడ్డుకు దుమ్ము చేరుతుంది. తడిసిన బూటును పొయ్యి దగ్గరో ఎండలోనో పెట్టేవాళ్లు క్రీము మీద పెట్టిన డబ్బంతా అక్కడే పోగొట్టుకుంటారు. నలిపిన న్యూస్‌పేపర్లు లోపల కుక్కి ఫ్యాను కింద పెట్టాలి, కాగితాలు తడిసినప్పుడల్లా మార్చాలి.

క్రీము చేయలేని పనులూ ఉన్నాయి. పోగులు తెగి నోరు తెరిచిన పగులును అది కప్పుతుంది గానీ అతకదు. స్వేడ్, నూబక్ లాంటి నూగు తోళ్లకు క్రీము తగలనివ్వకూడదు. రెగ్జిన్, పీయూ బూట్లకు క్రీము దండగ, తడిగుడ్డ చాలు. కోసిన అంచు బయటికి కనిపించే చోట చూస్తే, అసలు తోలుకు నూగు పోగులు కనిపిస్తాయి, నకిలీకి గుడ్డ మీద అంటించిన ప్లాస్టిక్ పొర కనిపిస్తుంది. కొన్ని బూట్లకు పైన మంచి తోలున్నా అడుగు పాలీయురెథేన్‌ది ఉంటుంది. గాలిలో తేమకు ఆ పదార్థం లోలోపలే విడిపోతుంది. పెళ్లికని దాచిన బూటు అడుగు నాలుగేళ్ల తర్వాత మొదటి నడకకే పొడిపొడిగా రాలడానికి కారణం ఇదే. దానికి ఏ పాలిషూ మందు కాదు, కొత్త అడుగు వేయించాలి.

ఒక జత బూట్లు మరో ఐదేళ్లు నిలిస్తే లాభం ఇంటి పద్దుతోనే ఆగదు. కర్ణాటకలో పుట్టి మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడుకు వెళ్లే పాలారు నది, వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల కర్మాగారాల మురుగుతో ఎంత దెబ్బతిన్నదో వెల్లూరు పౌరుల కేసులో 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెబుతుంది. ఆ మురుగు చేరిన బావులకు మన స్టాండులోని బూట్లతో సంబంధం ఉంది. తోలు పనిని తరతరాలుగా కొన్ని కులాలవారికి అంటగట్టి, వారినే దూరం పెట్టిన సమాజం మనది. ఆ దూరం వల్లే బూటును చేత్తో ముట్టి శుభ్రం చేసుకోవడం ఇప్పటికీ చిన్నతనంగా తోస్తుంది. ఆ చిన్నతనం వదిలించుకోవాలి. వీధి చివర గొడుగు కింద కూర్చుని బూట్లు బాగుచేసే ఆయనకు ఏ తోలు ఏమడుగుతుందో మనకన్నా బాగా తెలుసు. ఆయన దగ్గర క్రీము లేకపోతే మీ సీసా తీసుకెళ్లి ఇవ్వండి, ముడతల్లోకి పట్టించమని చెప్పండి, అడిగిన కూలి బేరమాడకుండా చేతిలో పెట్టండి. ఇంటికొచ్చాక ఆ చెప్పుల స్టాండును పడమటి ఎండ పడని గోడకు జరపండి.