బిడ్డ బరువు: త్రాసు చెప్పునది, గీత చెప్పునది

గుంటూరునకు సమీపమున, విజయవాడ మార్గములోనున్న పెదకాకాని వంటి గ్రామములలో పసిబిడ్డను చూడవచ్చిన చుట్టములు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటే: "పిల్లాడు ఒళ్ళు చేశాడా?" ప్రక్కింటి బిడ్డ బొద్దుగా ఉండి తన బిడ్డ సన్నగా ఉన్నచో తల్లి మనస్సు కుంగిపోవును. పాలు చాలుటలేదని అమ్మమ్మ, దిష్టి తగిలినదని నాయనమ్మ, డబ్బాపాలు పట్టుమని ఇరుగుపొరుగువారు, తలకొక మాట చెప్పుదురు.

ఈ ఆందోళన అర్థము లేనిది కాదు. మాటలు రాని బిడ్డ తన ఆరోగ్యమును గూర్చి చెప్పగల మొదటి కబురు బరువే. ఆహారము తగ్గినను, జబ్బు చేసినను ఎత్తు వెంటనే మారదు. బరువు మాత్రము కొలది దినములలోనే మారును. అయితే ఆ కబురును ఎట్లు చదువవలెనో తెలియనిచో రెండు పొరపాట్లు జరుగును. బాగుగా పెరుగుచున్న బిడ్డకు అనవసరముగా సీసాపాలు అలవాటగుట ఒకటి. నిజముగా వెనుకబడుచున్న బిడ్డను బొద్దుగానే ఉన్నాడని ఉపేక్షించుట రెండవది.

పెరుగుదలలోని నియమము

పుట్టిన మొదటి కొలది దినములలో బిడ్డ బరువు పెరుగదు సరికదా, తగ్గును. శరీరమునందలి అదనపు నీరు బయటకు పోవుటయే ఇందుకు ముఖ్యకారణము. ఈ తగ్గుదల సాధారణముగా పుట్టిన బరువులో పదవవంతునకు మించదు. రెండు వారములు గడచునప్పటికి ఆ బరువు తిరిగి వచ్చును. తదుపరి మొదటి మూడు మాసములలో రోజునకు సుమారు 25 నుండి 30 గ్రాముల వరకు పెరుగును. అయిదారు మాసములకు పుట్టిన బరువు రెట్టింపగును. ఏడాదికి ఇంచుమించు మూడురెట్లగును.

ఈ వేగము ఎల్లకాలము ఉండదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రమాణముల ప్రకారము మగబిడ్డ బరువు యొక్క మధ్యమ విలువ పుట్టినపుడు 3.3 కిలోలు, ఆరవ మాసమున 7.9 కిలోలు, పండ్రెండవ మాసమున 9.6 కిలోలు. ఆడబిడ్డకు ఈ విలువలు 3.2, 7.3, 8.9 కిలోలు. అనగా మగబిడ్డ మొదటి ఆరు మాసములలో 4.6 కిలోలు పెరిగి, తరువాతి ఆరు మాసములలో 1.7 కిలోలు మాత్రమే పెరుగును. ఏడాది సమీపించునప్పటికి రోజువారీ పెరుగుదల 8 గ్రాములకు దిగును. "మొన్నటివలె పెరుగుటలేదే" అని తల్లిదండ్రులు దిగులుపడునది పెక్కుసార్లు ఈ సహజమైన నెమ్మదిని చూచియే.

ఇద్దరు బిడ్డల లెక్క

ఒక్క బిందువును బట్టి గీత యొక్క దిశను నిర్ణయింపలేమని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలియును. బరువు విషయమున కూడ అంతియే. ఉదాహరణమునకు ఇద్దరు బిడ్డలను ఊహింపుడు.

మొదటిది ఆడబిడ్డ. పుట్టినపుడు 2.6 కిలోలు, మూడవ మాసమున 4.8, ఆరవ మాసమున 6.0 కిలోలు. రెండవవాడు మగబిడ్డ. పుట్టినపుడు 3.4 కిలోలు, మూడవ మాసమున 6.5, ఆరవ మాసమున 7.9, ఏడవ మాసమున 7.9, ఎనిమిదవ మాసమున 7.8 కిలోలు. చూచిన వారందరు ఆడబిడ్డను గూర్చియే జాలిపడుదురు. కాని గ్రాఫు కాగితముపై అడ్డముగా వయస్సును, నిలువుగా బరువును గుర్తించి గీత గీచిన విషయము తారుమారగును. ఆడబిడ్డ గీత క్రిందుగా ఉన్నను ప్రమాణరేఖలకు సమాంతరముగా పైకి పోవుచున్నది. ఆమె చిన్నగా పుట్టి తన దారిలో తాను పెరుగుచున్న బిడ్డ. మగబిడ్డ గీత ఆరవ మాసము తరువాత చదునై, పిమ్మట క్రిందికి వంగినది. అతడు ఇంకను సురక్షిత మండలములోనే ఉన్నాడు. అయినను వెంటనే శ్రద్ధ చూపవలసినది అతనిపైననే.

ఈ పటము పుట్టుక

పల్లెలలోని తల్లులకు కూడ అర్థమగునట్లు బిడ్డల బరువును నెలనెలా కార్డుపై గీతగా చూపు పద్ధతిని డేవిడ్ మోర్లీ అను ఆంగ్లేయ వైద్యుడు 1950వ దశకమున నైజీరియాలోని ఒక పల్లెలో పనిచేయుచు అభివృద్ధి చేసెను. భారతదేశమున 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ద్వారా ఈ పటము అంగన్‌వాడీ కేంద్రములకు చేరినది.

"మన జాతి పిల్లలు చిన్నవారే గదా, పరదేశపు కొలతలు మనకేల?" అను సందేహము కలుగవచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1997 నుండి 2003 వరకు బ్రెజిల్, ఘనా, భారతదేశము, నార్వే, ఒమన్, అమెరికా దేశములలో తల్లిపాలు త్రాగి, మంచి వసతులలో పెరుగు పిల్లలను పరిశీలించినది. మన దేశము నుండి దక్షిణ ఢిల్లీ పిల్లలు ఇందులో చేరిరి. తిండి, ఆరోగ్యము సరిగానున్నచో ఈ ఆరు దేశముల పసిపిల్లల పెరుగుదల ఇంచుమించు ఒకే తీరున ఉన్నదని తేలినది. ఆ ఆధారముతోనే 2006లో నేటి ప్రమాణములు వెలువడినవి. మన పటములో ఆకుపచ్చ పట్టీ సరియైన బరువును, పసుపు తక్కువ బరువును, నారింజ మిక్కిలి తక్కువ బరువును సూచించును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి సుమారు 30 మంది వయస్సునకు తగిన బరువు లేనివారే. దీనికి కారణము జాతి కాదు.

గీత ఎప్పుడు వంగును?

ఆరు మాసముల వరకు బిడ్డకు తల్లిపాలు చాలును. నీరు కూడ అక్కరలేదు. రోజునకు ఆరుసార్లకు తక్కువ కాకుండ మూత్రము పోయుచు, బరువు పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నవనియే గ్రహింపవలెను. ఆరు మాసములు నిండిన పిమ్మట పాలతోపాటు ఇతర ఆహారము కావలెను. పెక్కు గీతలు ఇచ్చటనే వంగును. అన్నప్రాశన వేడుకగా జరుగును. మరునాటి నుండి బిడ్డకు దొరకునది పలుచని గంజి, లేదా చారునీళ్ళు. ఎనిమిది కిలోల బిడ్డ కడుపు ఒక్కసారికి పట్టునది సుమారు 240 మిల్లీలీటర్లు. ఆ చిన్నపాత్రను నీటితో నింపిన శక్తి ఎక్కడనుండి వచ్చును?

పత్తితీతకు, మిరపకోతకు తల్లులు ప్రొద్దుననే పోయి సాయంకాలమునకు తిరిగివచ్చు దినములలో కష్టము మరింత హెచ్చు. పగలు తల్లిపాలు దొరకవు, సీసా సరిగా శుభ్రపడదు, విరేచనములు పట్టుకొనును. జబ్బువలన ఆకలి చచ్చును, తిండి తగ్గినందున మరల జబ్బు చేయును.

విరుగుడు ఖరీదైనది కాదు. మెత్తగా మెదిపిన పప్పన్నములో ఒక చెంచా నెయ్యియో నూనెయో కలిపి, కారము లేకుండ, గరిటజారుగా గాక ముద్దగా పెట్టవలెను. గ్రుడ్డు, ఆకుకూర, అరటిపండు క్రమముగా చేర్చవలెను. ఎనిమిదవ మాసము వరకు రోజునకు రెండు మూడుసార్లు, పిమ్మట మూడు నాలుగుసార్లు పెట్టవలెను. తల్లి పనికి పోవుటకు ముందును, వచ్చిన వెంటనేయు, రాత్రియు పాలివ్వవలెను. విరేచనములైనపుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగించుచు, పాలు, తిండి మానక, వైద్యుని సలహాపై జింకు మాత్రలు వాడవలెను.

తూచునపుడు త్రాసు ముల్లు సున్న వద్ద ఉన్నదో లేదో చూడవలెను. బట్టలు వీలైనంత తగ్గించి, ప్రతి నెల అదే త్రాసుపై తూచవలెను. వరుసగా రెండుమార్లు బరువు పెరుగకున్నను, తగ్గినను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవలెను. బిడ్డ పాలు త్రాగకున్నను, మందకొడిగా ఉన్నను మరు నెల తూకమునకై ఆగరాదు.

తమ్ముడో చెల్లెలో ఉన్న విద్యార్థి ఇంటనున్న తల్లీబిడ్డల సంరక్షణ కార్డు తెరచి, గణితపు తరగతిలో నేర్చిన గ్రాఫును అందులో చదువవచ్చును. ప్రక్కింటి బిడ్డతో పోల్చుకొని దిగులుపడు తల్లికి ఆ గీతను వ్రేలితో చూపి "పైకే పోతోందమ్మా" అని చెప్పగలుగుట, లేదా "ఈ నెల వంగిందమ్మా, చూపిద్దాము" అని సకాలమున హెచ్చరింపగలుగుట చిన్న సహాయము కాదు.