మందు కాగితంలో ఒక మాట: ఆండ్రోజెనిక్

నేను కంప్యూటర్ల వాణ్ణి, డాక్టర్ని కాను. ముందే చెప్పేస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం మా ఆవిడకి ఎండోమెట్రియోసిస్ వచ్చింది. గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగి నొప్పి పెట్టే జబ్బు. డానజాల్ అనే మందు రాశారు. ఫహాహీల్‌లో మందుల షాపు నుంచి ఇంటికొచ్చి డబ్బాలో కాగితం విప్పితే, ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లీషు. "ఆండ్రోజెనిక్ ప్రభావాలు అంటే ఏమిటండీ?" అంది. నాకూ తెలియలేదు. ఆ రాత్రి కూర్చుని వెతికాను.

గ్రీకులో "ఆండ్రోస్" అంటే మగవాడి, "జెన్" అంటే పుట్టించడం. తమాషా ఏమిటంటే ఇవి మనకి పరాయివి కావు. మన "నర", "జన" అనే సంస్కృత మాటలూ అవీ ఒకే మూలం నుంచి వచ్చాయి. దీని జంట మాట "విరిలైజేషన్" లాటిన్ "విర్" నుంచి వచ్చింది, అది మన "వీర"కి చుట్టం. ఆండ్రోజెనిక్ అన్నది మందుకుండే గుణం, విరిలైజేషన్ అన్నది ఒంట్లో కనబడే ఫలితం: గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, గొంతు బొంగురుపోవడం.

పేరు చూసి కంగారుపడక్కర్లేదు. ఆండ్రోజన్లు ప్రతి ఆడమనిషి ఒంట్లోనూ ఉంటాయి, అండాశయాలూ అడ్రినల్ గ్రంథులూ తయారుచేస్తాయి. తేడా మోతాదులోనే. ఆ మోతాదు మీదే హైదరాబాదులో శిక్షణ పొందిన ఒడిశా పరుగుల అమ్మాయి ద్యుతీ చంద్‌ని 2014లో పక్కన పెట్టారు. ఆమె ఏ మందూ వాడలేదు, ఒంట్లో సహజంగా ఉన్నదే ఎక్కువన్నారు. ఆమె పోరాడితే 2015లో క్రీడల మధ్యవర్తిత్వ కోర్టు ఆ నిబంధనను నిలిపేసింది, 2016 రియో ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. పేరులో "నరుడు" ఉన్నంత మాత్రాన అది మగవాళ్ళ సొత్తు కాదన్నమాట.

అయితే ఒక్క చోట మాత్రం జాగ్రత్త. మందు ఆపితే మొటిమలు తగ్గొచ్చు, కానీ బొంగురుపోయిన గొంతు ఒక్కోసారి మళ్ళీ మామూలు కాదు. ఆ కాగితంలోనే రాసి ఉంది, చిన్న అక్షరాల్లో. ఇక్కడి ఉగాది కార్యక్రమాల్లో మొదటి పాట మా ఆవిడదే. ఆ వాక్యం చదివి వినిపించాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మందు మనంతట మనం మానేయకూడదు కదా! మర్నాడు డాక్టరుగారి దగ్గరికే వెళ్ళాం. నేను నోరు తెరిచేలోపే, "నేను పాడతానండీ" అంది. ఆవిడ కలం పక్కన పెట్టి, "ఈ మాట మొన్ననే చెప్పొద్దుటమ్మా!" అని వేరే మందు రాశారు.