పాత కారు అద్దం ఎందుకు జారదు?

అంబాసిడర్ కారు తలుపు అద్దాన్ని సగం దించి, హ్యాండిల్ మీంచి చెయ్యి తీసెయ్యండి. అద్దం అక్కడే ఆగుతుంది. గతుకుల రోడ్డు మీద ఊళ్లు దాటినా ఆగిన చోటే ఉంటుంది. ఇప్పుడు అద్దం పై అంచు మీద అరచెయ్యి ఆనించి కిందికి నొక్కండి. అద్దమూ దిగదు, హ్యాండిలూ తిరగదు. అదే హ్యాండిల్‌ని చిన్నపిల్ల తిప్పినా అద్దం బుద్ధిగా దిగుతుంది. ఏమర్రా పిల్లలూ, హ్యాండిల్ తిప్పితే అద్దం కదులుతున్నప్పుడు, అద్దాన్ని నొక్కితే హ్యాండిల్ ఎందుకు తిరగదు? పాత కారు అద్దం బాగుచెయ్యాలంటే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఒక బండి ఉండేది. దాని మూడో సిరీస్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారుచేశారు. 1950ల చివర మొదలై 2014లో ఆగింది. మంత్రిగారి కారూ అదే, బెజవాడ స్టేషన్ ముందు టాక్సీ కూడా అదే. అర్ధ శతాబ్దం పైగా నడిచింది గనక దాని తలుపులో ఏముందో తెలిసిన చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి.

విప్పడం హ్యాండిల్‌తో మొదలు. కొన్ని బళ్లలో దాన్ని స్క్రూ పట్టి ఉంచుతుంది, కొన్నిట్లో చిన్న పిన్ను, కొన్నిట్లో వెనక దాగిన లాక్. ఏది ఉందో చూడకుండా స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్నకండి. హ్యాండిల్ వచ్చాక రెక్సిన్ ప్యాడ్ ఊడుతుంది. దాని వెనక రేకులో పెద్ద కంత. అందులోంచి మెకానిక్కులు ‘గ్లాసు మిషన్’ అనేది కనిపిస్తుంది.

హ్యాండిల్ ఇరుసుకి చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది ఒక పెద్ద పళ్లరేకుని తిప్పుతుంది. ఆ రేకు పూర్తి చక్రం కాదు, చక్రంలో ఒక ముక్క మాత్రమే. అద్దం లేవడానికి అంతకన్నా తిరగక్కర్లేదు మరి. రేకుకి పొడుగాటి ఇనపచెయ్యి, చెయ్యి చివర రోలర్. అద్దం అడుగున బిగించిన గాడిలో ఆ రోలర్ పక్కకి జరుగుతూ అద్దాన్ని పైకి నెడుతుంది.

బరువెంతో లెక్క కడదాం. 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం అనుకోండి. గాజు ఘన సెంటీమీటరుకి రెండున్నర గ్రాములు. మొత్తం దాదాపు 3.4 కిలోలు. 8 సెంటీమీటర్ల హ్యాండిల్‌ని ఆరు చుట్లు తిప్పితే అద్దం పూర్తిగా లేస్తుందనుకుందాం. మీ చెయ్యి తిరిగిన దారి 3 మీటర్లు, అద్దం లేచింది 45 సెంటీమీటర్లు. దూరం ఆరేడు రెట్లు పెరిగింది గనక బలం ఆరేడో వంతు చాలు. అంటే అరకిలో. పైగా చాలా మిషన్లలో ఒక స్ప్రింగు ఉంటుంది, గట్టి పట్టీని చుట్ట చుట్టింది. అద్దం దిగేటప్పుడు బిగుసుకుని, లేచేటప్పుడు విప్పుకుంటూ సాయం పడుతుంది. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి: చిన్న పళ్లచక్రం నుంచి పళ్లరేకు విడిపించగానే ఆ స్ప్రింగు ఇనపచేతిని ఒక్క విసురున లేపుతుంది. మధ్యలో ఉన్న వేలు తెగుతుంది. పళ్లరేకుని గట్టిగా కట్టేసి గాని దాని జోలికి వెళ్లకూడదు.

ఇక మన ప్రశ్న. హ్యాండిల్ ఇరుసు చుట్టూ చిన్న గిన్నె ఉంటుంది. గిన్నె లోపలి గోడకి ఆనుకుని కొన్ని చుట్ల ఇంకో స్ప్రింగు. దాని రెండు కొసలూ లోపలికి వంగి ఉంటాయి. హ్యాండిల్ తిప్పితే అది ఒక కొసని తోసి స్ప్రింగుని ముడుస్తుంది. చుట్టు సన్నబడి గోడని వదిలేస్తుంది. అంతా హాయిగా తిరుగుతుంది. అద్దం బరువు పళ్లచక్రం వైపు నుంచి వచ్చి అదే కొసని రెండో పక్క నుంచి తోస్తుంది. అప్పుడు చుట్టు విచ్చుకుని గోడని పట్టేస్తుంది. ఎంత నొక్కితే అంత పట్టు.

ఇంత చిన్న స్ప్రింగుకి అంత బలమా అంటారేమో. బెదిరిన గిత్తని పిల్లాడు ఒట్టి చేత్తో ఆపలేడు, పలుపుని రాటకి మూడు చుట్లు తిప్పి కొస పట్టుకున్నాడంటే గిత్త ఎంత గుంజినా వాడు కదలడు. బలం వాడిది కాదు, చుట్లది. రాట చుట్టూ తాడు బిగిస్తే పట్టు, గిన్నెలో స్ప్రింగు విచ్చుకుంటే పట్టు; లెక్క ఒకటే. దాన్ని 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ అనే మహా గణితజ్ఞుడు రాశాడు. ఒక్కో చుట్టుకీ పట్టు కూడుకుంటూ పోదు, గుణించుకుంటూ పోతుంది. గ్రీజు పూసిన ఇనుముకి ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే ఒక చుట్టుకి పట్టు ఒకటికి 1.9 రెట్లు, రెండు చుట్లకి మూడున్నర, నాలుగు చుట్లకి పన్నెండు రెట్లు. అందుకే గ్రీజులో మునిగి ఉన్నా ఆ స్ప్రింగు అద్దాన్ని ఆపగలదు. నాకు ఈ తలుపులో అన్నిటికన్నా ముచ్చటైనది ఇదే. గిన్నె గోడ అరిగినా, స్ప్రింగు కొస విరిగినా అద్దం గతుక్కొకసారి జారుతుంది. జనం అట్టముక్క దూర్చి సరిపెడతారు. స్ప్రింగు పోతే మిషనే మార్చాలి.

కానీ ఎక్కువ బళ్లలో జబ్బు జారడం కాదు, బిగుసుకుపోవడం. అప్పుడు అందరూ మిషన్‌ని అనుమానిస్తారు. నన్నడిగితే ముందు అద్దం రెండు పక్కలా నడిచే గాళ్లు చూడండి. వాటిలో మెత్తని ఫెల్టు ఉంటుంది. ఏళ్ల తరబడి దుమ్ము, ఎండ తగిలి అది గట్టిపడుతుంది, ఊడి ముడతపడుతుంది. ఒక వైపు బిగువు ఎక్కువైతే అద్దం ఒరుగుతుంది; ఒరిగిన అద్దం రెండు మూలలా గాడికి గుచ్చుకుంటుంది; ఇంకా గట్టిగా తిప్పితే ఇంకా గుచ్చుకుంటుంది. ఆ మొండి బలమంతా చిన్న పళ్లచక్రం మీద పడుతుంది. పెద్ద రేకు పన్ను ఒక్కసారి పనిచేసేలోపు చిన్నదాని పన్ను చాలాసార్లు పనిచేస్తుంది గనక ముందు అరిగేది అదే.

కాబట్టి ఫెల్టు మార్చండి. గాడిలోకి గ్రీజు వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. సిలికాన్ స్ప్రే గాని టాల్కం పౌడర్ గాని చాలు. గ్రీజు పళ్లకి, రోలర్‌కి, అద్దం అడుగున రోలర్ నడిచే గాడికి. ముందు కిరోసిన్‌తో పాత గ్రీజంతా కడగాలి. అద్దం అడుగు గాడి తుప్పు పట్టి ఊడితే కొత్త రబ్బరు పట్టీతో చెక్క ఆనించి మెల్లిగా కొట్టాలి. తలుపు అద్దాన్ని 600 డిగ్రీలు దాటేలా కాల్చి గాలితో చప్పున చల్లార్చి గట్టిచేస్తారు. నడిమి భాగం దెబ్బని ఓర్చుకుంటుంది, అంచు ఓర్చుకోదు. అంచు మీద ఇనప సుత్తి తగిలిందా, మొత్తం చిన్న చిన్న పలుకులై రాలుతుంది.

మూసే ముందు ఇంకొకటి. వాననీరు అద్దం వెంట తలుపులోకి దిగుతుంది. అది లోపం కాదు, అలాగే ఉద్దేశించారు. అడుగున రంధ్రాలు పెట్టింది అందుకే. మట్టి నిండితే నీళ్లు లోపలే నిలిచి రేకుని లోపలి నుంచి తినేస్తాయి. సన్నని తీగతో రంధ్రాలు పొడిచి, అద్దం బయటి నుంచి ఒక చెంబు నీళ్లు పోయండి. కింద ధారగా కారాయంటే పాలిథీన్ షీటు అతికించి ప్యాడ్ బిగించుకోవచ్చు.