చుక్కల లెక్క

రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక ఒకసారి చెవి ఒగ్గి వినండి. స్నానాలగదిలో కుళాయి నుంచి టప్... టప్... మని చప్పుడు వినిపిస్తోందా? "ఆ, చుక్కే కదా!" అనుకుంటున్నారా? అయితే ఆ చుక్క విలువ ఎంతో మీరే కొలిచి చూడండి.

200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసును కుళాయి కింద పెట్టి, అది నిండడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూడండి. సరిగ్గా గంట పట్టిందనుకుందాం. అంటే రోజుకు 24 గ్లాసులు, అనగా 4.8 లీటర్లు. ఏడాదికి 1,752 లీటర్లు! మన దేశంలో నగరాల మంచినీటి పథకాలను సాధారణంగా మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్కవేసి తయారుచేస్తారు. ఈ లెక్కన మీరు పోనిచ్చిన ఆ చుక్కలు ఒక మనిషికి దాదాపు 13 రోజులు సరిపోతాయి. అదీ తాగడానికీ, వంటకూ, స్నానానికీ, బట్టలు ఉతకడానికీ అన్నిటికీ కలిపి!

ఇంతకీ కుళాయి ఎందుకు కారుతుంది? మర తిప్పే కుళాయి లోపల చిన్న వాషరు ఉంటుంది. పిడి తిప్పి కట్టినప్పుడు కడ్డీ కిందికి దిగి, ఆ వాషరును నీరు వచ్చే రంధ్రం మీద అదిమి మూసేస్తుంది. వాడగా వాడగా వాషరు అరిగిపోతుంది, లేదా గట్టిపడి పగులుతుంది. ఆ సందులోంచి నీరు కారుతుంది. ఇంకా బలంగా బిగిస్తే వాషరు మరింత నలుగుతుందే కాని జబ్బు కుదరదు. కొత్త వాషరు వేయడమే మందు. పెద్దవాళ్ళతో చెప్పి, ముందు పైపు వాల్వు కట్టించి, ఆ పని చేయించండి. దగ్గరుండి చూస్తే మీకూ వస్తుంది.

చప్పుడు చేయకుండా కారేది మరొకటి ఉంది. అది మరుగుదొడ్డి ఫ్లష్ టాంకు. దానిలో కొంచెం నీలిమందు కలిపి, అరగంటసేపు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. కింద బేసిన్‌లో నీలిరంగు కనిపిస్తే టాంకు కారుతున్నట్టే.

టాంకు పాతది, పెద్దది అయితే మరో ఉపాయం. లీటరు ప్లాస్టిక్ సీసా నిండా నీళ్ళు పోసి, మూత బిగించి, లోపలి బంతికీ కడ్డీకీ తగలకుండా ఒక మూల నిలబెట్టండి. నీటిలో మునిగిన వస్తువు తన ఘనపరిమాణానికి సమానమైన నీటిని తొలగిస్తుందని చదువుకున్నారు కదా! అందుచేత టాంకు నిండడానికి సుమారు ఒక లీటరు తక్కువ పడుతుంది. రోజుకు పదిసార్లు ఫ్లష్ చేసే ఇంట్లో పది లీటర్లు మిగిలినట్టే.

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ, సోమవారం మీ బడిలోనూ గ్లాసు, గడియారం పట్టుకుని కుళాయిలన్నీ పరీక్షించి, లెక్క రాసుకోండి. గ్లాసులో నిండిన నీళ్ళను మొక్కకు పోయడం మాత్రం మరవకండి. "కుళాయి కారుతోందండీ" అంటే వినిపించుకోనివారు కూడా "ఏడాదికి 1,752 లీటర్లండీ" అంటే తప్పక వింటారు.