అల్లిక గదిలో తొలి చదువు

శిశువిద్యా చరిత్రలో తూర్పు ఫ్రాన్సులోని ఆల్సేస్ పర్వత గ్రామాలకు విశిష్ట స్థానమున్నది. 1767లో జాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్ లూథరన్ మతగురువుగా వాల్డర్స్‌బాక్ గ్రామానికి వచ్చాడు. అక్కడి నేల నిస్సారమైనది, జీవనం దుర్భరమైనది. తల్లిదండ్రులు పనులకు పోగా, బడి ఈడు రాని పసివారు ఆలనాపాలనా లేక తిరుగుతుండేవారు.

సమీపంలోని బెల్‌ఫోస్‌లో సారా బాంజె అనే యువతి ఇట్టి పిల్లలను చేరదీసి ఊలు అల్లిక నేర్పుతుండేది. ఓబర్లిన్ ఆమె కృషిని గుర్తించి, 1770 ప్రాంతంలో ఈ పద్ధతిని తన పరిధిలోని ఇతర గ్రామాలకు విస్తరింపజేశాడు.

వెచ్చని గదిలో పెద్దపిల్లల చేతులు అల్లికలో నిమగ్నమై ఉండగా చెవులు కథలు వినేవి. మరీ చిన్నవారు ఆడుకొనేవారు. బైబిలు గాథలు, కీర్తనలు, మొక్కల పేర్లు, తమ ప్రాంతపు పటం వారి పాఠ్యవిషయాలు. ఇంట మాండలికమే ఎరిగిన బిడ్డలకు ఫ్రెంచి భాష అక్కడే అలవడేది. అక్షరాలకు ముందు మాట, మాటకు ముందు ఆప్యాయత: ఆ విద్యావిధానంలోని క్రమమిది.

సారా 1774లో మరణించింది. ఓబర్లిన్ ఇంట పనిచేసిన లూయీజ్ షెప్లర్ దశాబ్దాల పాటు ఈ సేవ సాగించింది. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెను పురస్కారంతో గౌరవించింది. జర్మనీలో ఫ్రోబెల్ తన శిశువిద్యాలయాన్ని నెలకొల్పినది 1837లో మాత్రమే.

పనికి వెళ్ళే తల్లి బిడ్డను ఎవరు చూడాలి? ఆ బిడ్డ ఏమి నేర్వాలి? 1975లో మన దేశంలో ఆరంభమైన అంగన్‌వాడీల ముందున్నవీ ఈ ప్రశ్నలే. మతాలు, భాషలు వేరైనా పసితనపు అవసరాలు ఒక్కటే.