గ్రంథాలయాలలో పుస్తకానికి దారి చూపే రంగులు, అక్షరాలు

గ్రంథాలయంలో పుస్తకం ఉన్నంత మాత్రాన అది పాఠకునికి అందినట్లు కాదు. తప్పు అరలో చేరిన పుస్తకం, చీటీ చెరిగిపోయిన పుస్తకం లేనిదానితో సమానం. ప్రజలు చెల్లించే గ్రంథాలయ సెస్సుతో కొన్న గ్రంథం ఎవరికీ కనిపించకపోతే ఆ వ్యయం నిష్ఫలమే. పాఠకుని సమయాన్ని ఆదా చేయాలన్నది డాక్టర్ ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచ సూత్రాలలో నాలుగవది. ఈ సూత్రం అమలుకు రంగులు, అక్షరాలు, సూచిక ఫలకాలు ఎంతగానో తోడ్పడతాయి.

మెల్విల్ డ్యూయీ 1876లో వెలువరించిన దశాంశ వర్గీకరణలో పది ప్రధాన తరగతులున్నాయి. 500 విజ్ఞాన శాస్త్రాలకు, 800 సాహిత్యానికి, 900 చరిత్ర, భూగోళాలకు చెందుతాయి. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క రంగు పట్టీని పుస్తకం వెన్నుపై అతికించడం వాడుకలో ఉన్న పద్ధతి. నీలి పట్టీల వరుసలో ఒక పచ్చ పట్టీ కనిపిస్తే, అది దారి తప్పిన పుస్తకమని సంఖ్య చదవకుండానే సిబ్బంది గుర్తించగలరు.

అయితే తెలుగు పుస్తకాలు అధికంగా గల గ్రంథాలయాలకు ఈ పది రంగులు చాలవు. ఈ పద్ధతిలో తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. కవిత్వానికి 1, నాటకానికి 2, కథా సాహిత్యానికి 3, వ్యాసానికి 4 దాని చివర చేరతాయి. అంటే నవలకు, శతకానికి మొదటి ఆరు అంకెలు ఒకటే. తేడా ఏడవ అంకెలో ఉంది. తరగతి రంగు మాత్రమే వేస్తే సాహిత్య విభాగమంతా ఒకే రంగులో కనిపిస్తుంది. కావున ఇక్కడ ప్రక్రియను బట్టి వేర్వేరు రంగులు కేటాయించి, ఏడవ అంకెను పెద్దదిగా ముద్రించడం ప్రయోజనకరం.

చీటీల తయారీలో మరికొన్ని అంశాలు గమనించదగినవి. తెలుగు లిపిలో గుడులు పైన, వత్తులు కింద చేరతాయి గనుక వరుసల మధ్య తగినంత ఎడం ఉండాలి. లేత రంగుపై ముదురు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. చీటీలన్నీ ఒకే ఎత్తులో అతికిస్తే చూపు వరుసగా సాగుతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేని వారు ఉంటారు గనుక రంగుతోపాటు సంఖ్య, విభాగం పేరు తప్పనిసరి. రంగుల వివరణ పట్టికను ప్రవేశ ద్వారం వద్దనే ఉంచాలి.

ఇందుకు కావలసినవి రంగు కాగితం, పారదర్శక టేపు, సిబ్బంది శ్రద్ధ మాత్రమే. ముందుగా ఒక్క బీరువాతో ప్రారంభించి, పాఠకుల అనుభవాన్ని బట్టి మిగిలిన విభాగాలకు విస్తరించవచ్చు. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఈ పనికి తగిన సందర్భం.